టోన్యా హార్డింగ్ పేదది కాబట్టే అంత శిక్ష పడిందా?

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయండీ. 1994లో తోటి అమెరికన్ స్కేటర్ నాన్సీ కెరిగన్ మీద జరిగిన దాడి కేసులో పేరు పోగొట్టుకున్న అమెరికన్ ఫిగర్ స్కేటర్ టోన్యా హార్డింగ్‌కు నిజంగా అంత ప్రతిభ ఉందా? పేదింటి పిల్ల అని జడ్జీలు మార్కులు కోశారా? జీవితకాల నిషేధం న్యాయమేనా? చాలామంది ఈ మూడింటికీ కలిపి ఒకటే జవాబు చెప్పేస్తారు. జాలి ఉన్నవాళ్లు "పేదది కాబట్టి బలి చేశారు" అంటారు. కోపం ఉన్నవాళ్లు "అలాంటి మనిషికి ప్రతిభ ఏమిటి" అంటారు. విడివిడిగా చూస్తే ప్రతిభ తిరుగులేనిది, చిన్నచూపు నిజం, నేరమూ నిజం. ఆ చిన్నచూపు నేరం కంటే ఎన్నో ఏళ్ల ముందు నుంచీ ఉంది. అది ఉన్నంత మాత్రాన నేరం చిన్నదైపోదు.

ముందు డబ్బు సంగతి. ఈ ఆటలో డబ్బు ఎక్కడెక్కడ కరుగుతుందో తెలియకపోతే కథ సగమే అర్థమవుతుంది. పోటీ స్థాయిలో బూట్లు, బ్లేడ్లు విడివిడిగా కొంటారు. ఇవాళ్టి ధరల్లో రెండూ కలిపి వెయ్యి డాలర్లు దాటుతాయి. ట్రిపుల్ జంప్‌లు, అంటే గాలిలో మూడు చుట్లు తిరిగే జంప్‌లు, చేసేవాళ్ల బూటు చీలమండ దగ్గర చాలాసార్లు ఏడాది తిరక్కుండానే మెత్తబడుతుంది. మెత్తబడిన బూటుతో అంత ఎత్తు నుంచి దిగితే కాలు బెణుకుతుంది, కాబట్టి "ఇంకో ఆర్నెల్లు లాగుదాం" అనుకోవడానికి వీల్లేదు. బ్లేడు మందం నాలుగు మిల్లీమీటర్ల చిల్లర. దాని అడుగుభాగం మధ్యలో సన్నటి కాలువలా లోపలికి తొలిచి ఉంటుంది, అందువల్ల ఒక్కో బ్లేడుకు లోపలి అంచు, బయటి అంచు అని రెండు వస్తాయి. ఇరవై ముప్ఫై గంటల సాధనకోసారి పదును పెట్టించాలి. పెట్టేవాడి చెయ్యి తిరిగినదై ఉండాలి. ఒక అంచు రెండోదాని కంటే వెంట్రుకవాసి ఎత్తుగా వచ్చినా జంప్‌కు లేచే చోటే కాలు పక్కకు జారుతుంది.

వీటిపైన రింకు అద్దె గంటల లెక్కన, కోచ్ ఫీజు పావుగంట అరగంట లెక్కన. కొరియోగ్రాఫర్, సంగీతం కత్తిరించి అతికించేవాళ్లు, దుస్తులు, విమానం టికెట్లు. పోటీకి కోచ్ వెంట వస్తే ఆయన ప్రయాణం, బస కూడా స్కేటర్ ఇంటివాళ్ల మీదే. అమెరికాలో తెల్లవారుజామున పిల్లల్ని రింకుకు దింపే తెలుగు తల్లిదండ్రులకు ఈ లెక్క కొత్తది కాదు. 1990 దాకా ఇంకో ఖర్చు కూడా ఉండేది. మంచు మీద ఎనిమిది అంకె ఆకారంలో కచ్చితమైన గీతలు గీసే "కంపల్సరీ ఫిగర్స్" అనే పరీక్ష కోసం ఎవరూ తొక్కని శుభ్రమైన మంచు పట్టీ అద్దెకు తీసుకుని, దాని మీద గంటల తరబడి గీతలు సాధన చేసేవారు. పెద్ద అంతర్జాతీయ పోటీల్లో ఆ పరీక్ష 1990తో పోయింది. ఆ మరుసటి ఏడాదే టోన్యా జాతీయ చాంపియన్ అయింది. జంప్‌ల బలం ఉన్నవాళ్లందరికీ ఆ మార్పు దారి తెరిచింది.

టోన్యా 1970 నవంబర్ 12న ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో పుట్టింది. తల్లి వెయిట్రెస్. నాలుగేళ్లయినా నిండని వయసులోనే లాయిడ్ సెంటర్ అనే షాపింగ్ మాల్‌లో ఉన్న రింకులో మొదలుపెట్టింది. డయాన్ రాలిన్సన్ అక్కడే ఆమెకు కోచ్ అయింది. పోటీ దుస్తులు తల్లి ఇంట్లో కుట్టేది. తండ్రి దగ్గర వేటాడటం, కారు రిపేరు చెయ్యడం నేర్చుకుంది. హైస్కూలు మధ్యలో మానేసి, తర్వాత దానికి సమానమైన పరీక్ష రాసింది. పెద్దయ్యాక సాధన చేసిన చోటు క్లాకమాస్ టౌన్ సెంటర్, అదీ మాలే. మాల్‌కు వచ్చినవాళ్లు పై అంతస్తు రెయిలింగ్ పట్టుకుని కిందకు చూస్తుంటే ఈమె ట్రిపుల్ జంప్‌లు చేసేది. అదే మాల్‌లో బంగాళాదుంపలు అమ్మే దుకాణంలో పనిచేసింది కూడా. చిన్నప్పుడు తల్లి కొట్టేదని టోన్యా చాలాసార్లు చెప్పింది, తల్లి అందులో చాలావరకు కాదంది. 1990లో, పంతొమ్మిదేళ్లకే, జెఫ్ గిలూలీని పెళ్లి చేసుకుంది. అతను దగ్గరికి రాకుండా కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవాల్సి వచ్చింది. 1993లో విడాకులయ్యాయి. దాడి నాటికి మళ్లీ కలిసే ఉన్నారు.

ఇప్పుడు నాన్సీ కెరిగన్. ఈమెను చాలామంది ధనవంతుల బిడ్డ అనుకుంటారు. పెద్ద పొరపాటు. మసాచుసెట్స్‌లోని స్టోన్‌హామ్ అనే చిన్న ఊళ్లో పెరిగింది. తండ్రి వెల్డర్. కూతురి కోచింగ్ కోసం అదనపు పనులు చేసేవాడు, ఊరి రింకులో మంచును నున్నగా చేసే జాంబోనీ బండి కూడా నడిపాడు. తల్లికి చూపు దాదాపు లేదు. టీవీకి ముక్కు ఆనించి కూతురి స్కేటింగ్ చూసేదని అప్పట్లో అందరూ చెప్పుకునేవారు. ఇద్దరివీ చెమటోడ్చి బతికే కుటుంబాలే.

మరి తేడా ఎక్కడ వచ్చింది? నాన్సీ తన పుట్టుకను రింకు అంచు దాటనివ్వలేదు. పొడవైన మనిషి, నిదానమైన మాట, మెత్తటి నవ్వు. 1992 నాటికే పేరున్న ఫ్యాషన్ డిజైనర్ వేరా వాంగ్ రూపొందించిన దుస్తుల్లో దిగింది. తెర మీద చూసేవాళ్లకు రాకుమారి కనబడింది. టోన్యా దాచలేదు, దాచాలని అనుకోలేదు కూడా. పిక్-అప్ ట్రక్కు నడిపింది, సిగరెట్లు తాగింది, ఆస్తమా ఉన్నా మానలేదు. రాక్ పాటలకు స్కేట్ చేసింది, మెరుపుల డ్రెస్సులు వేసింది, కోపమొస్తే ముఖం మీదే అనేసింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు చూడండి, ఆ లోకంలో ఆమె ఉలిపికట్టె. స్కేటింగ్ పెద్దలకు పేదరికంతో పేచీ లేదు. పేదరికాన్ని కడుక్కుని రాకపోవడంతోనే పేచీ. ప్రకటనల కంపెనీలకూ అంతే. జాతీయ టైటిల్, ప్రపంచ రజతం ఉన్న స్కేటర్‌కు చెప్పుకోదగ్గ స్పాన్సర్ దొరకలేదు. నాన్సీకి మాత్రం దొరికారు.

ఈ చిన్నచూపు మార్కుల్లోకి ఎలా దూరుతుందో తెలియాలంటే అప్పటి 6.0 పద్ధతి తెలియాలి, 6.0 అంటే అత్యధిక మార్కు. పోటీలో రెండు భాగాలు: తప్పనిసరి అంశాలతో చిన్నదైన షార్ట్ ప్రోగ్రామ్, ఆ తర్వాత పొడవైన ఫ్రీ స్కేట్. ఫ్రీ స్కేట్‌లో ఒక్కో జడ్జి రెండు మార్కులు వేసేవాడు. జంప్‌లు, స్పిన్‌ల కష్టానికి టెక్నికల్ మార్కు, ప్రదర్శన మొత్తానికి ఆర్టిస్టిక్ మార్కు. అందరి మార్కులూ కూడి సగటు తీసేవారని చాలామంది అనుకుంటారు, అలా కాదు. ప్రతి జడ్జి వేసిన రెండు మార్కులూ కూడి, ఆ జడ్జి లెక్కలో ఎవరు ఫస్టు, ఎవరు సెకండు అనే వరస తీసేవారు. ఎక్కువమంది జడ్జీలు ఎవరిని ముందుంచితే వాళ్లే ముందు. ఒక జడ్జి దగ్గర ఇద్దరికీ మొత్తం సమానమైతే, ఫ్రీ స్కేట్‌లో ఆర్టిస్టిక్ మార్కు ఎక్కువున్నవాళ్లది పైచేయి. తుది ఫలితంలో ఫ్రీ స్కేట్ బరువు షార్ట్ ప్రోగ్రామ్‌కు రెండింతలు. అంటే అసలైన బరువున్న చోట, తూకం సమానమైనప్పుడు, కొలబద్ద లేని మార్కే తీర్పు చెప్పేది.

జంప్ పడిపోయిందా లేదా అన్నది అందరికీ కనిపిస్తుంది. ఆర్టిస్టిక్ మార్కులో ఏముంటుంది? వేగం, శరీర రేఖ, సంగీతంతో కుదరడం, నిజమే. వాటితో పాటు మన నాట్యంలో ఆహార్యం అనే భాగం కూడా ఎవరూ పైకి చెప్పకుండా అందులోకి వచ్చి కూర్చుంటుంది. డ్రెస్సు, జుట్టు, గోళ్ల రంగు, ముఖం మీది భావం. దుస్తులు హుందాగా ఉండాలని నియమావళిలోనే ఉంది. 1988 తర్వాత ఆడవాళ్లకు స్కర్టు తప్పనిసరి చేసి, 2004 దాకా కొనసాగించారు. హుందా అంటే ఏమిటో నిర్ణయించేది జడ్జీల బల్ల వెనక కూర్చున్నవాళ్లు. పైగా జడ్జీలు పోటీకి ముందు జరిగే సాధన కూడా వచ్చి చూస్తారు. అక్కడ ఎవరెలా మాట్లాడుతున్నారు, కోచ్‌తో ఎలా ఉంటున్నారు అన్నదంతా కంట్లో పడుతుంది. అసలు పోటీ రోజుకు మనసులో ఒక వరస దాదాపు సిద్ధమై ఉంటుంది. ఆ వరస తారుమారు చెయ్యాలంటే కళ్లు చెదిరేదేదో చెయ్యాలి.

టోన్యా చేసింది. అందుకే ట్రిపుల్ యాక్సెల్ గురించి కాస్త ఆగి చెప్తాను.

జంప్‌లు ఆరు రకాలు. అయిదింటిలో వెనక్కి జారుతూ లేస్తారు. యాక్సెల్ ఒక్కటే ముందుకు చూస్తూ లేచేది. దిగేది మాత్రం అన్నిట్లోనూ వెనక్కే. అందుకని ట్రిపుల్ యాక్సెల్ అంటే గాలిలో మూడు కాదు, మూడున్నర చుట్లు. ఎడమవైపు తిరిగేవాళ్లు ఎడమ కాలి బయటి అంచు మీద ముందుకు జారి, మోకాలు బాగా వంచి, కుడి మోకాలిని ఎత్తైన మెట్టెక్కుతున్నట్టు ఒక్కసారిగా పైకి విసురుతారు. గాలిలో ఉండేది సెకనులో మూడింట రెండు వంతుల చిల్లర. అంటే సెకనుకు అయిదు చుట్ల వేగం కావాలి. చేతులు గుండెకు హత్తుకుని, కాళ్లు మెలేసి, శరీరాన్ని కదురులా సన్నం చేస్తేనే ఆ వేగం వస్తుంది. దిగేటప్పుడు ఒంటి బరువుకు ఎన్నో రెట్ల దెబ్బ కుడి కాలి బయటి అంచు మీద, నాలుగు మిల్లీమీటర్ల ఉక్కు మీద పడుతుంది.

ఎక్కడ చెడుతుందంటే, ఎక్కువసార్లు లేచే ముందే చెడుతుంది. తిరగాలన్న తొందరలో భుజాలు కాలి కంటే ముందే తిరిగిపోతాయి. అప్పుడు అంచు పట్టు తప్పి జారుతుంది, ఎత్తు రాదు. ఎత్తు రాకపోతే మూడున్నరలో చివరి పావు చుట్టు మంచు మీదే పూర్తవుతుంది, లేదా మనిషే పడుతుంది. రెండో తప్పు భయం. ముందుకు చూస్తూ లేవడం వల్ల ఎదురుగా రింకు గోడ కనిపిస్తూ ఉంటుంది. ఆ క్షణంలో మనసు వెనక్కి లాగిందంటే చుట్లు మధ్యలోనే విడిపోతాయి. టోన్యా పొట్టి మనిషి, సుమారు 155 సెంటీమీటర్లు, తొడల్లో బలం అపారం. ఆమె యాక్సెల్‌లో మొదట కనబడేది ఎత్తు. చుట్లు తిరగడానికి ఆమె తొందరపడదు, పైకి వెళ్లాకే తిరుగుతుంది.

1991 ఫిబ్రవరిలో మినియాపొలిస్‌లో జరిగిన అమెరికా జాతీయ పోటీల్లో ఆమె దాన్ని దించింది. పోటీలో ట్రిపుల్ యాక్సెల్ చేసిన తొలి అమెరికన్ మహిళ. ప్రపంచంలో రెండో మహిళ, మొదటామె జపాన్‌కు చెందిన మిదోరి ఇతో. ఆ రోజు టోన్యాకు టెక్నికల్ మార్కుల్లో 6.0 కూడా పడింది. మరో అమెరికన్ స్కేటర్ క్రిస్టీ యమగుచి రెండో స్థానం, నాన్సీ మూడు. తర్వాత మ్యూనిక్ ప్రపంచ పోటీల్లో యమగుచికి స్వర్ణం, టోన్యాకు రజతం, నాన్సీకి కాంస్యం. అదే ఏడాది స్కేట్ అమెరికా పోటీలో షార్ట్ ప్రోగ్రామ్‌లోనే ట్రిపుల్ యాక్సెల్ వేసింది, అదీ వెంటనే డబుల్ టో లూప్ అనే రెండు చుట్ల జంప్ కలిపి. ఫ్రీ స్కేట్‌లో మళ్లీ వేసింది. ఒకే పోటీలో రెండు ట్రిపుల్ యాక్సెళ్లు దించిన మహిళ అంతకుముందు లేదు. అమెరికాలో మరో మహిళ పోటీలో ఆ జంప్ దించడానికి 2005 దాకా పట్టింది, కిమ్మీ మైస్నర్ చేసింది. ఒలింపిక్స్‌లో దించిన తొలి అమెరికన్ మహిళ మిరాయ్ నగాసు, 2018లో. అంటే ఆమె ఎంత ముందున్నదో లెక్క వేసుకోండి.

జడ్జీలు ఆమెను ఎప్పటికీ పైకి రానివ్వలేదన్న వాదన ఇక్కడే ఆగిపోతుంది. జంప్ దిగిన రోజున అదే జడ్జీలు యమగుచి కంటే ముందు ఆమెనే పెట్టారు. కానీ ఆమెకు తప్పు చేసే వెసులుబాటు లేదు. మిగతావాళ్లు ఒక జంప్ పోగొట్టుకున్నా రెండో మార్కు వాళ్లను మోసుకెళ్లేది. ఈమె పడితే కింద పట్టుకునే వల లేదు. చిన్నచూపు పనిచేసిన తీరు ఇదీ.

ఆ తర్వాత పతనానికి మాత్రం జడ్జీలను తప్పుపట్టలేం. 1992 ఆల్బెర్‌విల్ ఒలింపిక్స్‌కు పోటీకి కొద్ది రోజుల ముందు ఫ్రాన్స్‌లో దిగింది, ప్రయాణ బడలిక తీరలేదు. షార్ట్ ప్రోగ్రామ్‌లో ట్రిపుల్ యాక్సెల్ పడిపోయింది, చివరికి నాలుగో స్థానం. యమగుచికి స్వర్ణం, ఇతోకు రజతం, నాన్సీకి కాంస్యం. 1993లో ప్రపంచ పోటీల జట్టులో చోటే దక్కలేదు. 1991 తర్వాత పోటీలో ఆమె ట్రిపుల్ యాక్సెల్ ఎప్పుడూ శుభ్రంగా దిగలేదు. ఆ జంప్ దాచుకున్నంత మాత్రాన ఉండదు, రోజూ సాధన చేసి కాపాడుకోవాలి. ఆస్తమా, సిగరెట్లు, సాధనలో నిలకడ లేకపోవడం, కోచ్‌ను మార్చి మళ్లీ పాత కోచ్ దగ్గరికే రావడం, ఇంట్లో ప్రశాంతత లేకపోవడం. వీటిలో కొన్ని ఆమె చేతిలో ఉన్నవి, కొన్ని లేనివి.

1994 జనవరి 6న డెట్రాయిట్‌లోని కోబో అరీనాలో సాధన ముగించుకుని వెళ్తున్న నాన్సీని ఒకడు ముడుచుకునే లోహపు లాఠీతో కుడి మోకాలి పైభాగంలో కొట్టి, అద్దం తలుపు బద్దలుకొట్టుకుని పారిపోయాడు. ఎముక విరగలేదు, అంగుళం తేడాలో తప్పింది. రెండు రోజుల తర్వాత టోన్యా జాతీయ టైటిల్ గెలిచింది, అదీ ట్రిపుల్ యాక్సెల్ లేకుండానే. పదమూడేళ్ల మిషెల్ క్వాన్ రెండో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్‌కు ఇద్దరే వెళ్లాలి. గాయపడిన నాన్సీకి రెండో చోటు ఇచ్చి క్వాన్‌ను అదనపు ఆటగత్తెగా ఉంచారు. రెండు వారాల్లోనే దాడి ముఠా దొరికింది: టోన్యా మాజీ భర్త గిలూలీ, ఆమె బాడీగార్డుగా చెప్పుకున్న షాన్ ఎకార్ట్, కొట్టినవాడు, కారు నడిపినవాడు. మొత్తం బేరం 6,500 డాలర్లు.

చట్టం దగ్గర ఏది రుజువైంది, ఏది కాలేదు అన్నది జాగ్రత్తగా చూడాలి, ఎక్కువ గందరగోళం ఇక్కడే. జనవరి 27న టోన్యా విలేకరుల ముందు, తనకు దగ్గరివాళ్లే చేశారని పోటీల నుంచి తిరిగొచ్చాక తెలిసిందని, వెంటనే చెప్పకపోవడం తప్పేనని ఒప్పుకుంది. ఫిబ్రవరి 1న గిలూలీ నేరం ఒప్పుకుంటూ, ఆమెకు ముందే తెలుసని, ఆమె సరేనంటేనే చేశామని చెప్పాడు. ఆమె కాదంది. మార్చి 16న ఆమె కోర్టులో ఒప్పుకున్న నేరం దర్యాప్తుకు అడ్డుపడే కుట్ర. అంటే జరిగాక దాచిపెట్టడం. దాడికి కుట్ర చేసినట్టు ఏ కోర్టూ ఆమెను దోషిగా తేల్చలేదు. ఒప్పందం ప్రకారం మూడేళ్ల ప్రొబేషన్ (జైలు బదులు కోర్టు నిఘా), 500 గంటల సమాజ సేవ, లక్ష డాలర్ల జరిమానా, మానసిక వైకల్యం ఉన్నవాళ్ల క్రీడలైన స్పెషల్ ఒలింపిక్స్ కోసం మరో 50,000 డాలర్లు, ఖర్చుల కింద 10,000, మానసిక వైద్య పరీక్ష, అమెరికా ఫిగర్ స్కేటింగ్ సంఘానికి రాజీనామా. జైలు లేదు. గిలూలీతో సహా మిగతా నలుగురూ జైలుకెళ్లారు.

జూన్ 30న స్కేటింగ్ సంఘం విచారణ మండలి వేరే తీర్పు ఇచ్చింది. ఆమెకు దాడి సంగతి ముందే తెలుసని, అందులో పాలుందని తేల్చి, 1994 టైటిల్ తీసేసి, జీవితకాలం నిషేధించింది. ఒకే విషయం మీద రెండు తీర్పులెలా అంటే, కొలమానాలు వేరు. క్రిమినల్ కోర్టులో సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. సంఘం విచారణలో సాక్ష్యాలు ఎటు ఎక్కువ మొగ్గితే అటే. 2018లో టీవీ ఇంటర్వ్యూలో టోన్యా స్వయంగా, ఎవరినో పోటీ నుంచి తప్పించడం గురించి వాళ్లు మాట్లాడుకోవడం ముందే విన్నానని, ఏదో జరగబోతోందని అనిపించిందని చెప్పింది. ఆ మాట వచ్చాక ఆమెకు ఏమీ తెలియదనే వాదన నిలబడదు.

ఈ రెండు తీర్పుల మధ్యలో లిల్లెహామర్ ఒలింపిక్స్ జరిగాయి. ఆడనివ్వకపోతే రెండున్నర కోట్ల డాలర్లకు దావా వేస్తానని టోన్యా పక్షం బెదిరించాక అమెరికా ఒలింపిక్ కమిటీ వెనక్కి తగ్గింది. ఫిబ్రవరి 23న షార్ట్ ప్రోగ్రామ్‌ను అమెరికాలో టీవీలున్న ఇళ్లలో 48.5 శాతం చూశాయి. టోన్యా పదో స్థానం. ఇరవై అయిదున ఫ్రీ స్కేట్ ముందు బూటు లేసు తెగింది. పేరు పిలిచాక రెండు నిమిషాల్లో మంచు మీదికి రావాలి, ఆఖరి క్షణాల్లో వచ్చింది. మొదటి జంప్ మధ్యలో విడిపోయింది. ఏడుస్తూ జడ్జీల దగ్గరికి వెళ్లి కాలెత్తి బల్ల అంచున పెట్టి చూపించింది. రెఫరీ ఆమెను తన గ్రూపు చివర్లో మళ్లీ మొదలుపెట్టనిచ్చింది. కెనడాకు చెందిన జోజే షువినార్ సిద్ధమయ్యే వ్యవధి లేకుండా ముందుకు రావాల్సి వచ్చింది, ఆ నష్టం గురించి ఎవరూ మాట్లాడరు.

ఆ లేసు నాటకమని అప్పుడు కోట్లమంది అన్నారు. స్కేటింగ్ తెలిసినవాళ్లు అలా అనరు. లేసు బూటు పైభాగంలో కొక్కేల మీదుగా చీలమండను బిగించి పట్టుకుంటుంది. అది లేకుండా ట్రిపుల్ నుంచి దిగితే కాలు బూటులోనే పక్కకు మడుచుకుపోతుంది. కొత్త లేసు చివరి నిమిషంలో కడితే సాగుతుంది, పొడవు సరిపోకపోతే పై కొక్కేల దాకా రాదు. అందుకే అనుభవమున్న కోచ్‌లు పోటీకి రెండు మూడు వారాల ముందే లేసు మార్పిస్తారు, కొన్నిసార్లు కట్టి సాగిన జతనొకటి అదనంగా సంచిలో ఉంచుతారు. అది లేకపోవడం ఆమె బృందం నిర్లక్ష్యం. 1993లోనూ ఒకసారి డ్రెస్సు హుక్కు ఊడి, ఇంకోసారి బ్లేడు వదులై ప్రోగ్రామ్ ఆపింది. సామాను చూసుకునే క్రమశిక్షణ లేకపోవడం అది. మోసమని దానికి పేరు పెట్టడం మాత్రం, ఆ మనిషి ఏం చేసినా మోసమే అని ముందే తేల్చేసుకున్న జనం పని. చివరికి ఎనిమిదో స్థానంలో నిలిచింది.

నాన్సీ ఆ రాత్రి రజతం గెలిచింది, స్వర్ణం ఉక్రెయిన్‌కు చెందిన పదహారేళ్ల ఒక్సానా బయూల్‌కు. తొమ్మిది మంది జడ్జీలు అయిదు, నాలుగుగా చీలిపోయారు. జర్మనీ జడ్జి దగ్గర ఇద్దరికీ మొత్తం సమానం. బయూల్‌కు ఆర్టిస్టిక్ మార్కు 0.1 ఎక్కువ ఉండటంతో ఆ జడ్జి ఆమె వైపు లెక్కకు వచ్చాడు. హుందాతనానికి ప్రతీకగా దేశమంతా మోసిన స్కేటర్ ఆ రెండో మార్కులోనే స్వర్ణం పోగొట్టుకుంది. టోన్యాకు మాత్రమే అన్యాయం చేసిన మార్కు అనుకునేవాళ్లు ఈ రాత్రిని గుర్తుంచుకోవాలి. 2004 నుంచి వచ్చిన పద్ధతిలో ప్రతి జంప్‌కూ అంకె ఉంది. ఇప్పుడు ట్రిపుల్ యాక్సెల్‌కు 8.0, మరో మూడు చుట్ల జంప్ ట్రిపుల్ లుట్జ్‌కు 5.9. ప్రదర్శన మార్కులు ఇంకా ఉన్నాయి, కానీ ఒక పెద్ద జంప్ విలువ ఎంతో కాగితం మీద కనబడుతుంది. ఈ పద్ధతిలో 1991 నాటి టోన్యాకు ఇంకాస్త వెసులుబాటు ఉండేది.

జనం తీర్పు ఎంత తేలిగ్గా తిరుగుతుందో చూడాలంటే నాన్సీకి తర్వాత జరిగింది చూడండి. పతకాల వేడుక ఆలస్యమవుతుంటే బయూల్ మేకప్ గురించి విసుగ్గా ఒక మాట అంది, మైకు పట్టేసింది. ఫ్లోరిడాలో డిస్నీ ఊరేగింపులో ఇదంతా చాదస్తంగా ఉందని పక్కనున్నవాళ్లతో అంది, అదీ మైకులో పడింది. కొన్ని వారాల కింద ఆమె కోసం ఏడ్చిన జనమే "పొగరుబోతు" అన్నారు. దెబ్బ తిన్న మనిషి రెండు మాటలు జారినందుకు అన్ని మాటలు పడిందంటే, టోన్యాకు దొరికింది ఎంతో ఊహించండి. పత్రికలు, టీవీ హాస్యగాళ్లు ఆమె నేరం మీద అన్నదానికంటే ఆమె ఇల్లు, ట్రక్కు, పళ్లు, తల్లి, చదువు మీద అన్నది ఎక్కువ. "ట్రైలర్ ట్రాష్" అన్నారు. అంటే బండి ఇళ్లలో బతికే చెత్త అని. దాడి విషయంలో ఆమె చేసిన తప్పుకూ, ఎక్కడ పుట్టి పెరిగిందన్నదానికీ సంబంధం లేదు. అక్కడ మాత్రం ఆమెకు జరిగింది కచ్చితంగా అన్యాయమే.

ఇక నిషేధం. పోటీల నుంచి తీసేయడం సబబే అంటాను. తోటి ఆటగత్తెను పోటీ నుంచి తప్పించే పథకం గురించి చెవిన పడ్డాక కూడా నోరు విప్పని మనిషి, జరిగాక దర్యాప్తుకు అబద్ధం చెప్పిన మనిషి, మళ్లీ అదే సాధన గదిలో, అదే కారిడార్లలో ఇతరుల పక్కన నడవకూడదు. నాన్సీ ఏడు వారాల్లో కోలుకుని రజతం గెలవడం దేహబలం, మంచి వైద్యం వల్ల. దాడి తేలికైనది కావడం వల్ల కాదు. నాకు అభ్యంతరం ఒక్కటే. ఆ నిషేధం సంఘం పోటీల్లో కోచ్‌గా నిలబడే దారి కూడా మూసేసింది, దానికి కాలపరిమితి ఏదీ పెట్టలేదు. ఇరవై మూడేళ్ల పిల్లకు ఆ ఒక్క విద్య తప్ప ఇంకేం రాదు. పదేళ్ల తర్వాతో, ఇరవై ఏళ్ల తర్వాతో పిల్లలకు యాక్సెల్ నేర్పడానికైనా పునఃపరిశీలించే ఏర్పాటు ఉండాల్సింది. టోన్యా బాక్సింగ్‌లోకి వెళ్లింది, టీవీ పోటీల్లో కనబడింది, బతకడానికి రకరకాల పనులు చేసింది. సంఘం జాబితాలో 1994 మహిళల టైటిల్ ఖాళీగా ఉంది, రెండో స్థానంలో ఉన్న క్వాన్‌కు కూడా ఇవ్వలేదు. 1991 వరసలో మాత్రం టోన్యా హార్డింగ్ పేరు ఇప్పటికీ అలాగే ఉంది.